ఉత్తుత్తి బటన్

భానుప్రకాశ్‌ను చంపిన మనిషికి మర్యాద చాలా ఎక్కువ.

గజ్వేల్ దాటాక హైవే పక్కన ఉన్న ఒక హోటల్లో, ఎదురుగా కూర్చున్నవారు భానుప్రకాశ్ వచ్చేసరికే రెండు టీలు చెప్పి ఉంచారు. ఎండలో అంత దూరం రప్పించినందుకు మన్నించమన్నారు. అతను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. కోహెడ సోలార్ ప్లాంట్‌లో అతను బ్యాటరీల ఇంజినీరు. తనకు తెలియకుండా ఎవరో కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మార్చారని కనిపెట్టి, రెండు రోజులుగా నిద్ర లేకుండా ఉన్నాడు.

సగం టీ తాగేసరికి చెమటలు పట్టాయి. ఛాతీ బిగిసింది. ఎదుటివారు వెంటనే లేచి, చెయ్యి పట్టుకుని నడిపించి, దూరంగా చెట్ల కింద ఆపిన అతని కార్లోనే కూర్చోబెట్టారు. సీటు వెనక్కి వాల్చారు. అద్దం కొంచెం దించారు. హోటల్‌కు తిరిగి వచ్చి బిల్లు కట్టారు. పేపర్ కప్పులు రెండూ తమతోనే తీసుకెళ్ళారు. పర్యావరణమంటే అంత శ్రద్ధ.

శవాన్ని చూసిన డాక్టరు భోజనానికి లేటవుతోందన్న తొందరలో ఉన్నాడు. ‘పోస్ట్ కోవిడ్ గుండెపోటు’ అని రాసి పడేశాడు. కరోనా పోయి ఇన్నేళ్ళయినా ఆ ముక్క మాత్రం పనికొస్తూనే ఉంది. ఎవరు ఎట్లా చచ్చినా సరిపోతుంది. ఎవరూ తిరిగి అడగరు.

ఒక్కరు అడిగారు.

హైదరాబాద్‌లో ఒక పాత బిల్డింగ్ మూడో అంతస్తులో ‘మత్స్య సమాచార కేంద్రం’ అని బోర్డు ఉంటుంది. ఇంతవరకూ చేపల గురించి అడగడానికి ఎవరూ మెట్లెక్కి రాలేదు. లోపల కూర్చునేది లక్ష్మీబాయి. విదేశీ గూఢచారుల ముఠాల మీద కన్నేసి ఉంచే ఒక చిన్న డెస్క్‌కు ఆమె చీఫ్. ఆమె ఎదురుగా ఏజెంట్ కర్ణాకర్ నిలబడ్డాడు.

“కూర్చో. భానుప్రకాశ్ చనిపోయే ముందు రోజు మనకు ఫోన్ చేశాడు.”

“ఏమన్నాడు?”

“ప్రారంభోత్సవం రోజు బ్యాటరీలు కాల్చేస్తారన్నాడు. మిగతాది ఫోన్లో చెప్పనన్నాడు. గజ్వేల్ దగ్గర హోటల్‌కు రమ్మని మన మనిషిని పంపాను. మన మనిషి చాలాసేపు ఎదురుచూసింది. అతను రాలేదు. దారిలో కార్లోనే పోయాడు.”

“గుండెపోటేనా?”

“రక్తం మన ల్యాబ్‌కు తెప్పించాను. విషం.”

లక్ష్మీబాయి గోడ మీది మ్యాప్ దగ్గరకు నడిచింది. సిద్దిపేట జిల్లా. కోహెడ.

“ప్లాంట్ సంగతి తెలుసుగా?”

అందరికీ తెలిసిందే. సెకండ్ వేవ్‌లో కరెంటు పోయి, ఆక్సిజన్ ఆగి, వ్యాక్సిన్లు వేడెక్కి పాడైన దేశం సిగ్గుపడి చేసుకున్న నిర్ణయం అది. జిల్లాకొక ఆక్సిజన్ ప్లాంటు, వ్యాక్సిన్ల కోల్డ్ స్టోరేజీ, పక్కనే చిన్న దవాఖాన. మూడూ ఎండ మీదే నడవాలి. మొదటిది కోహెడ శివార్లో తయారైంది. ప్రారంభోత్సవం చూడటానికి ఆఫ్రికా నుంచి, ఆసియా నుంచి ప్రతినిధులు వస్తున్నారు. నచ్చితే వాళ్ళ దేశాల్లోనూ కట్టుకుంటారు.

“నచ్చకపోతే?” అన్నాడు కర్ణాకర్.

“హెల్వార్డ్ గ్రూప్ డీజిల్ జనరేటర్లు కొనుక్కుంటారు. కాగితాల మీద దానికి ‘గ్రీన్ బ్రిడ్జ్ సొల్యూషన్’ అని పేరు పెట్టారు.”

హెల్వార్డ్. ఆ పేరును కర్ణాకర్ మరిచిపోలేడు. అతను సిద్దిపేట చేనేత వీధిలో పుట్టినవాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే పెంచింది నాన్నకు అన్న, పెద్దబాపు నాగయ్య. సెకండ్ వేవ్‌లో నాగయ్య ముక్కుకు తగిలించింది హెల్వార్డ్ వాళ్ళ ఆక్సిజన్ మిషనే. దాని మీద పచ్చ లైటు వెలిగింది. మంచి చప్పుడు వచ్చింది. వచ్చింది మాత్రం ఉత్త గాలి. నాగయ్య ఆ పచ్చ లైటు వంక చూస్తూనే ప్రాణం వదిలాడు. మిషన్లు మంచివేనని, వాడేవాళ్ళకే శిక్షణ లేదని కంపెనీ తర్వాత ఒక ప్రకటన ఇచ్చి చేతులు దులుపుకుంది. ఇప్పుడు అదే కంపెనీ, అదే చైర్మన్ హెండ్రిక్, టై రంగు మార్చుకుని దేశాన్ని కోలుకునేలా చేస్తానంటూ వచ్చింది.

“హెండ్రిక్ వచ్చాడా?”

“ముఖ్య అతిథుల్లో ఒకడు. వాడి మనుషులు ప్లాంట్ లోపల ఎవరో తెలియాలి. నువ్వు కన్సల్టెంట్‌గా వెళ్తున్నావు. ఢిల్లీ నుంచి. క్లైమేట్ ఫైనాన్స్.”

“నాకు దాని గురించి ఏమీ తెలియదు మేడమ్.”

“వాళ్ళకు మాత్రం ఏం తెలుసు?” అంది లక్ష్మీబాయి. “మాట మాటకూ సస్టెయినబుల్ అను. ఎవరైనా ప్రశ్న అడిగితే మంచి ప్రశ్న అని మెచ్చుకుని, ఇంకేదో మాట్లాడు.”

ఆమె టేబుల్ మీద పరికరాలు పెట్టింది. కెమెరా ఉన్న కళ్ళజోడు. రహస్య సిగ్నల్స్ పసిగట్టే పెన్ను. చెవిలో పట్టే బటాణీ గింజంత రేడియో.

“హోటల్‌కు పంపిన మన మనిషి సాత్వికే అక్కడ నిన్ను కలుస్తుంది. రెండేళ్ళుగా హెల్వార్డ్‌లో మీడియా హెడ్‌గా చేస్తూ మనకు సమాచారం ఇస్తోంది. కోడ్ గుర్తుందిగా?”

“సర్వపిండి.”

“వెళ్ళు.”

*

కోహెడ శివార్లో పత్తి చేల మధ్య సోలార్ పలకలు చెరువులా మెరుస్తున్నాయి. ఒక పక్క దవాఖాన. దాన్ని ఆనుకుని తెల్లటి బ్యాటరీ కంటెయినర్లు. కంటెయినర్ల ముందే షామియానా, స్టేజీ. ఫొటోల్లో అన్నీ ఒకేసారి పడాలని ఎవడో తెలివైనవాడు అలా కట్టించాడు.

ఏసీ టెంటులో సదస్సు జరుగుతోంది. ఏసీకి కరెంటు టెంటు వెనక జనరేటర్ నుంచి వస్తోంది. కర్ణాకర్ బూడిద రంగు సూటులో, మెడలో బ్యాడ్జీతో ఆ గుంపులో కలిసిపోయాడు. అతను భయపడినంత కష్టమేమీ కాలేదు. అక్కడున్న నిపుణుల్లో ఒక్కడూ పలకల వైపు కూడా చూడలేదు. ఒకాయన మహమ్మారిని ‘గొప్ప అవకాశం’ అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఇంకొకాయన పేదల ఓపికను మెచ్చుకున్నాడు. ఇంకా గట్టిగా కొట్టారు. ఒక విదేశీ ప్రతినిధి కర్ణాకర్‌ను బ్యాటరీల ఆయుష్షు ఎంతని అడిగింది.

“చాలా మంచి ప్రశ్న,” అన్నాడు కర్ణాకర్. “అసలు ఆయుష్షు అంటే ఏమిటో ముందు మనం ఆలోచించుకోవాలి.”

ఆమె ఆ మాట శ్రద్ధగా ఫోన్లో రాసుకుంది. కర్ణాకర్‌కు ఒళ్ళంతా జుగుప్సగా అనిపించింది.

“ఇక్కడ సర్వపిండి దొరుకుతుందా?” వెనక నుంచి తియ్యటి గొంతు.

“నూనె ఎక్కువని మానేశాను,” అని తిరిగాడు.

సాత్విక. సిద్దిపేట గొల్లభామ చీరను గౌనులా కుట్టించుకుంది. నేసినవాళ్ళు చూస్తే ఏడుస్తారు గానీ టెంటులో మగవాళ్ళంతా అటే చూస్తున్నారు. నవ్వుతూనే, పెదవులు కదలకుండా మాట్లాడింది.

“మన టార్గెట్ నిఖిల్. కంట్రోల్ రూమ్ ఆపరేటర్. సాఫ్ట్‌వేర్ మార్చింది వాడే. ప్రోగ్రామ్ అయ్యేదాకా నువ్వు కంట్రోల్ రూమ్‌లోనే ఉండి వాడి చేతులు కనిపెట్టుకుని ఉండు.”

“ఏం చేస్తాడు?”

“బ్యాటరీలను చల్లబరిచే ఫ్యాన్లు ఆపి, ఛార్జింగ్ ఆగకుండా చేస్తాడు. నిమిషాల్లో అంటుకుంటాయి. మంటలు దవాఖానకు కూడా పాకుతాయి.”

“భానుప్రకాశ్‌ను నువ్వు కలవలేకపోయావు కదా?”

“అదే నా బాధ.” సాత్విక కళ్ళల్లో తడి కనిపించింది. “పాపం, మంచివాడు. టీ కూడా పూర్తిగా తాగలేదు.”

సరిగ్గా అప్పుడే హెండ్రిక్ వచ్చాడు. ఎర్రటి ముఖం, తెల్లటి పళ్ళు, గుండెల మీద వెదురుతో చేసిన బ్యాడ్జీ. చెయ్యి చాచి ఇంగ్లీషులో పలకరించాడు.

“ఢిల్లీ నుంచి అట కదా. ఈ ఊరు ఎట్లా ఉంది?”

“చాలా సస్టెయినబుల్‌గా ఉంది.”

“ఈ ప్రజల్ని చూస్తే నాకు కన్నీళ్ళొస్తాయి. ఎంత పోగొట్టుకున్నా నవ్వుతూనే ఉంటారు.” హెండ్రిక్ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. “వాళ్ళను అందుకోలేని కలల వెంట పరిగెత్తించకూడదు. ఎండతో దవాఖాన నడపడం అందమైన ఆలోచనే. కానీ ఏదైనా ప్రమాదం జరిగితే?”

అతని చేతిలో తన చేతిని ఉంచి నవ్వడానికి కర్ణాకర్ పడినంత కష్టం పదిహేనేళ్ళ సర్వీసులో ఎప్పుడూ పడలేదు.

*

కంట్రోల్ రూమ్‌కు వెళ్ళేదారిలో చెవిలోని రేడియో కరకరమని చచ్చిపోయింది. పెన్ను కూడా ఆరిపోయింది. మంత్రి కాన్వాయ్ వచ్చిందన్నమాట. ఆయన చుట్టూ జామర్లు తిరుగుతుంటాయి. ఆ దరిదాపుల్లో ఏ ఫోనూ, ఏ రేడియో పనిచేయదు. లక్ష్మీబాయి అపురూపంగా ఇచ్చిన పరికరాలన్నీ ఇప్పుడు జేబు బరువు.

“ఓరి కర్ణా! గీ ఎండల గా కోటేందిరా? పెయ్యి ఉడకదా?”

కర్ణాకర్‌కు ఆ గొంతు తెలుసు. స్టేజీ పక్కన సన్మానం పళ్ళేలు పట్టుకుని సిద్దిపేట చేనేత ఆడవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. అందులో కొమురవ్వ. నాగయ్య భార్య, అతణ్ణి పెంచిన పెద్దమ్మ. ఆమె చేతిలో పళ్ళెం, పళ్ళెంలో మంత్రికి కప్పాల్సిన గొల్లభామ శాలువ.

“మీరెవరో పొరబడ్డారమ్మా,” అన్నాడు గంభీరంగా.

“పొరబడుడేందిరా! చీమిడి ముక్కు తుడిసి పెంచిన.”

అతను ఆమెను స్టేజీ పక్క గుడ్డ చాటుకు లాగాడు. “పెద్దమ్మా, జర మెల్లగ. డ్యూటీ మీదున్న.”

“ఇన్సూరెన్సోళ్ళకు గిసొంటి డ్యూటీలు గూడ ఉంటయా?” ఇంట్లో అతను చెప్పుకున్న ఉద్యోగం అది. కొమురవ్వ సూటు అంచు వేళ్ళతో నలిపి చూసి, నేత నచ్చక మూతి విరిచింది. “నువ్వన్న జెప్పు. గా సాత్విక మేడం పొద్దుగాల నుంచి మమ్ముల నిలవెట్టింది. నవ్వుమంటది. పండ్లు కనవడేటట్టు నవ్వద్దంటది. గరీబోళ్ళ లెక్క కనవడాలెనట, గని మురికోళ్ళ లెక్క కనవడద్దట. గామెకు మేమేమన్న బొమ్మలమా?”

“జర ఓపిక పట్టు పెద్దమ్మా.”

“పట్టిన గదా. నిలవడి నిలవడి కాళ్ళు గుంజుతుంటే ఎనుకకెల్లి పోయిన. గింత లావు తీగ కాలుకు తట్టింది. బొక్కబోర్ల పడుతుంటి. మంత్రి ఒత్తే బటన్ కాడికెల్లి షురువై, గా తెల్ల డబ్బాల్లకు పోయింది. గది సూడంగనే మేడం ఉరికొచ్చి చాప కప్పిచ్చింది. ఎవ్వరికి జెప్పకుమన్నది.”

కర్ణాకర్ గుడ్డ అంచు తొలగించి స్టేజీ మీది బటన్ వైపు చూశాడు.

ఈ దేశంలో మంత్రులు నొక్కే ప్రారంభోత్సవ బటన్లన్నీ ఉత్తుత్తివే. నొక్కగానే నాదస్వరం రికార్డు మోగుతుంది, తెర మీద బొమ్మ వెలుగుతుంది. అసలు స్విచ్ లోపల ఎవరో ఆపరేటర్ వేస్తాడు. మంత్రి చేతికి నిజమైన బటన్ ఇచ్చేంత పిచ్చివాళ్ళు ఏ శాఖలోనూ ఉండరు. అలాంటి బటన్ నుంచి బ్యాటరీల్లోకి తీగ ఎందుకు పోతుంది?

జామర్లున్నచోట రేడియో పనిచేయదు. హెండ్రిక్ మనుషులకు ఆ సంగతి ముందే తెలుసు. అందుకే తీగ. మార్చిన సాఫ్ట్‌వేర్‌కు ఫ్యాన్లు ఆపమనే ఆజ్ఞ దాని మీదే వెళ్తుంది. ఆజ్ఞ పంపే వేలు మంత్రిదే. తర్వాత విచారణ జరిగినా ఎవణ్ణి పట్టుకుంటారు?

దాంతోపాటే ఇంకొక మాట అతని చెవిలో గింగురుమంది. టీ కూడా పూర్తిగా తాగలేదు. భానుప్రకాశ్ హోటల్‌కే రాలేదని లక్ష్మీబాయికి చెప్పింది సాత్వికే. రానివాడు టీ సగం వదిలేశాడని ఆమెకెలా తెలుసు?

ప్రాణభయంతో ఫోన్ చేసిన ఒక మనిషి దగ్గరకు, వాణ్ణి చంపాల్సినదాన్నే డిపార్ట్‌మెంటు జీతమిచ్చి పంపింది. కర్ణాకర్‌కు హెండ్రిక్ మీద కంటే ముందు తన ఉద్యోగం మీద అసహ్యం పుట్టింది.

“కంట్రోల్ రూమ్ అటు వైపు కదా,” అంది సాత్విక.

గుడ్డ పక్కకు తప్పించి లోపలికి వచ్చింది. ముఖంలో నవ్వు అట్లాగే ఉంది. మైకులో మంత్రి గొంతు మోగుతోంది. మహమ్మారిని జయించామని, సూర్యుణ్ణి కూడా జయిస్తామని చెబుతున్నాడు.

“నిఖిల్‌కు ఏమీ తెలియదు, అవునా?” అన్నాడు కర్ణాకర్.

“వాడికి స్విచ్ వేయడం తప్ప ఏమీ తెలియదు. నిన్ను అక్కడ కూర్చోబెట్టాలనుకున్నా. సుఖంగా ఉండేవాడివి.”

“లోపల ఆక్సిజన్ మీద మనుషులున్నారు.”

“ఎక్కడ లేరు?” సాత్విక భుజాలెగరేసింది. “ఈ దేశం ఎప్పుడూ కోలుకుంటూనే ఉంటుంది కర్ణాకర్. పూర్తిగా కోలుకున్న రోజు నాకూ నీకూ పనుండదు. హెల్వార్డ్‌ వాళ్ళు ఇచ్చేది టైముకు ఇస్తారు. మీ చేపల ఆఫీసు నా టీఏ బిల్లు కూడా పాస్ చేయలేదు.”

“తప్పుకో.”

“వెళ్ళు. స్టేజీ మీదకు పరిగెత్తు. మంత్రి మీదకు దూకేవాణ్ణి కమాండోలు ఏం చేస్తారో తెలుసుగా? నేను వేలు కూడా కదపక్కర్లేదు.”

ఆమె చెప్పింది నిజమే. స్టేజీకి నాలుగు మూలలా నల్ల దుస్తుల్లో తుపాకులు. అరిచినా మైకుల హోరులో ఎవరికీ వినబడదు. మొదటి వరుసలో హెండ్రిక్ గడియారం చూసుకుని, పక్కవాడికి సారీ చెప్పి, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని లేచాడు. ఏ ఫోనూ పనిచేయనిచోట వాడికి మాత్రం ఫోన్ వచ్చింది.

మంత్రి ప్రసంగం ముగించి బటన్ వైపు తిరిగాడు.

కర్ణాకర్ పెద్దమ్మ వైపు చూశాడు.

“పెద్దమ్మా, నీ కాలుకు తట్టిన తీగ ఏపిచ్చింది ఈ మేడమే. పెద్దబాపు ముక్కుకు ఉత్త గాలి పెట్టినోళ్ళ మనిషి. ఈమెను ఇడువకు. గా శాలువ నాకియ్యి.”

కొమురవ్వ శాలువ అతని చేతుల్లో పెట్టింది. పళ్ళెం కింద పడేసి సాత్విక రెండు మణికట్లూ ఒడిసి పట్టింది. నలభై ఏళ్ళు మగ్గం లాగిన చేతులు. సాత్విక ఒకసారి గుంజుకుని చూసింది. రెండోసారి గుంజేసరికి మిగతా ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఒకావిడ ఆ గౌను పట్టుకుని, “గింత మంచి చీర కోసి ఖరాబు జేసిందే!” అని అసలు కోపమంతా దాని మీద తీర్చుకుంది.

కర్ణాకర్ శాలువ రెండు చేతులా పరిచి పట్టుకుని, తీరిగ్గా, నిండుగా నవ్వుతూ స్టేజీ మెట్లెక్కాడు.

పరిగెత్తేవాణ్ణి కాల్చడానికే కమాండోలకు ఆజ్ఞలున్నాయి. శాలువతో వచ్చేవాణ్ణి ఆపమని ఈ దేశంలో ఏ కమాండోకూ ఎవరూ చెప్పలేదు. వాళ్ళు పక్కకు జరిగి దారి కూడా ఇచ్చారు. మంత్రి వేలు బటన్‌ను తాకబోతోంది. శాలువ కంట పడగానే గాల్లోనే ఆగింది. ఫొటోగ్రాఫర్లు లేచి నిలబడ్డారు. ఆయన చెయ్యి తనంతట తానే వెనక్కి వచ్చి జుట్టు సర్దుకుంది.

“ఢిల్లీ నిపుణుల తరఫున,” అన్నాడు కర్ణాకర్.

శాలువ కప్పాడు. మడతలు సర్దాడు. ఒకరు ఇటు చూడమన్నారు, ఇంకొకరు అటు చూడమన్నారు. మంత్రి అందరి వైపూ చూశాడు. ఈలోగా కర్ణాకర్ కాలు బల్ల కింద వెతుకుతోంది. చాప తగిలింది. దాని కింద తీగ. బూటు మడమతో నొక్కిపట్టి వెనక్కి లాగాడు. రాలేదు. ఫొటోలు అయిపోయాయి. మంత్రి మళ్ళీ బటన్ వైపు వంగాడు. కర్ణాకర్ ఆయన కాళ్ళకు దండం పెడుతున్నట్టు అమాంతం కిందికి వంగి, రెండు చేతులతో తీగ పట్టి ఒక్క గుంజు గుంజాడు. ప్లగ్గు ఊడి అతని ఒళ్ళో పడింది.

పైన బటన్ టక్కుమంది.

కర్ణాకర్ కళ్ళు మూసుకున్నాడు.

నాదస్వరం మోగింది. తెర మీద సూర్యుడి బొమ్మ వెలిగింది. లోపల నిఖిల్, ఎవరేమనుకున్నారో తెలియని అమాయకుడు, తన పని తాను చేశాడు. బయటి కరెంటు లైను ఆపేశాడు. టెంటులో ఏసీ తిరగడానికి జనరేటర్ ఉంది గానీ, దవాఖానలో మాత్రం అప్పటి నుంచి ప్రతి ఫ్యానూ, ప్రతి ఆక్సిజన్ మిషనూ ఎండ మీదే నడిచింది. ఒక్కటీ ఆగలేదు. కిటికీలోంచి ముక్కుకు గొట్టంతో ఒక ముసలాయన బయటి హడావుడి చూస్తూ విసుక్కున్నాడు. “గా బాజా బందువెట్టున్రి, నిద్ర పడ్తలేదు.”

కర్ణాకర్ కిందే కూర్చుని ఆ గొంతు విన్నాడు. అతనికి లేవబుద్ధి కాలేదు. పెద్దబాపు కూడా ఇట్లాగే విసుక్కునేవాడు.

“లేవయ్యా, ఇంత భక్తి పనికిరాదు,” అన్నాడు మంత్రి సంతోషంగా.

*

కర్ణాకర్ చెప్పగానే కోహెడ పోలీసులు హెండ్రిక్‌ను హుస్నాబాద్ రోడ్డు మీద పట్టుకున్నారు. లక్ష్మీబాయి మనుషులు ఇంకా రాలేదని కోహెడ ఠాణా జీపులోనే ఎక్కించారు. ఆ ఎండలో రేకుల జీపు పొయ్యిలా కాగుతోంది. హెండ్రిక్ చొక్కా తడిసి, వెదురు బ్యాడ్జీ వేలాడుతోంది. ఎవరో పొరబడ్డారని, తాను ఈ దేశాన్ని ప్రేమిస్తానని, దయచేసి ఏసీ వేయమని అడిగాడు.

“లేదు సర్,” అన్నాడు కర్ణాకర్ కిటికీలోంచి. “సస్టెయినబుల్ బండి.”

సాత్విక ఇంకో బండిలో కూర్చుంది. మణికట్ల మీద బేడీల కంటే పైన కొమురవ్వ వేళ్ళ గుర్తులు కనిపిస్తున్నాయి. కొమురవ్వ మాత్రం శాలువ సంగతి మరిచిపోలేదు.

“మంత్రికి నా చేతులతోనే కప్పాలెనని పేపరోళ్ళకు చెప్పుకున్నరా. ఫోటోల నువ్వు పడ్డవ్. నేసింది నేను.”

“తప్పయింది పెద్దమ్మా.”

“తప్పు సంగతి తర్వాత. నీది ఇన్సూరెన్సు నౌకరి గాదని సమజైంది. ఇంటికొచ్చి తిని పో. తినుకుంట చెప్పు, గా పెద్ద దొర ఎన్నేండ్లు లోపలుంటడో.”

జామర్ల కాన్వాయ్ వెళ్ళిపోగానే చెవిలోని రేడియో ప్రాణం పోసుకుంది. కర్ణాకర్ జరిగిందంతా చెప్పాడు. సాయంత్రం మళ్ళీ లక్ష్మీబాయి గొంతు వినిపించింది.

“భానుప్రకాశ్ భార్యతో నేనే మాట్లాడాను. గుండెపోటు కాదని చెప్పాను. సాత్వికను పంపింది నేనేనని కూడా చెప్పాను. ఇక రెండో సంగతి. ప్రతినిధులంతా మన ప్లాంటు కట్టుకుంటామని సంతకాలు చేశారు. హెల్వార్డ్ బయటికి పోయింది. అయితే వాళ్ళకు ఇప్పుడొక సలహాదారు కావాలట. మూడు దేశాల వాళ్ళు నీ పేరే చెబుతున్నారు.”

“నా పేరా? నేను వాళ్ళకేం చెప్పాను మేడమ్?”

“అదే వాళ్ళకు బాగా నచ్చిందట.”